పాత వాషింగ్ మెషిన్: లోపం చెప్పి అమ్మాలి, చూసి కొనాలి

తడ సమీపంలోని శ్రీసిటీలో వాషింగ్ మెషిన్లు సైతం తయారుచేసే ఎల్‌జీ కర్మాగారానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అయినా కొత్తది కొనే స్తోమత లేని కుటుంబాలకు పాత యంత్రమే ఆధారం. వాటిలో రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మేలు. మరమ్మతు సులువు.

డబ్బు చెల్లించక ముందే నీళ్లు పోయించి, నడిపించి చూడండి. మూత ఎత్తగానే తిరిగే తొట్టి ఆగాలి. ఆగకుంటే బ్రేకు అరిగి ఉండవచ్చు. అడుగున నీరు కారితే సీలు పాడై ఉండవచ్చు. తీరప్రాంతపు ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పుపట్టిందేమో వంగి పరిశీలించండి.

తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం షరీఅత్ దృష్టిలో నిషిద్ధం. అది బయటపడితే సరుకు తిప్పి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంది. లోపం చెప్పి తక్కువకు అమ్మిన సొమ్ములోనే బరకత్ ఉంటుంది.