బృహన్నల కథ – మనం చెప్పవలసిన తీరు

వానలు కురియనప్పుడు విరాటపర్వం చదివిస్తే మేఘాలు కరుణిస్తాయన్న నమ్మకం తెలుగు పల్లెలలో తరతరాలుగా ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి మా తరగతులకు వచ్చే విద్యార్థులలో, ఏ మతానికి చెందినవారైనా, ఆ కథ విననివారు అరుదు. 1963లో వెలువడిన ‘నర్తనశాల’ చలనచిత్రం దానిని మరింత ప్రసిద్ధం చేసింది. అయినా బృహన్నల పేరు తరగతిలో పలికినప్పుడెల్లా వెనుక బల్లల నుండి నవ్వులు వినిపిస్తాయి. ఒకనాడు ఆ నవ్వులో కలవక ఒకరు తలవంచుకొని కూర్చుండటం మేము గమనించాము. ఆ మౌనమే ఈ వ్యాసానికి ప్రేరణ.

పుట్టినప్పుడు శరీరాన్ని బట్టి లోకం నిర్ణయించిన లింగం ఒకటి, తన అంతరంగం ఎరిగినది వేరొకటి అయిన వ్యక్తిని నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అంటున్నారు. తానెవరో నిర్ణయించుకొనే హక్కు ఆ వ్యక్తిదేనని భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. తీర్పు కంటె ముందే పసి మనసులను చేరేవి కథలు. అవి ఏమి నేర్పుతున్నాయో పరిశీలించడం అవసరం.

13వ శతాబ్దంలో తిక్కన తన భారత రచనను విరాటపర్వంతోనే ఆరంభించాడు. అందులో అర్జునుడు ఊర్వశి శాపాన్ని అజ్ఞాతవాసానికి ఉపయోగించుకొని, ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఉత్తరకుమారునికి సారథి అవుతాడు. బాలల కోసం సంగ్రహించిన కథలలో తరచుగా మిగిలేది మారువేషం, దాని చుట్టూ అల్లిన హాస్యం మాత్రమే. ఉద్యోగపర్వంలోని శిఖండి కథ ఇంకా లోతైనది. ఆడపిల్లగా పుట్టి, కుమారునిగా పెరిగి, రహస్యం బయటపడగా ప్రాణత్యాగానికి అడవికి పోయిన శిఖండికి స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వాన్ని ఇస్తాడు. ఆ వేదనను విడిచిపెట్టి, భీష్ముని పతనానికి కారణమైన వ్యక్తిగా మాత్రమే శిఖండిని చూపితే పిల్లలకు అందేది సగం కథ.

ఇచట ఒక భేదం గుర్తించాలి. బృహన్నల రూపం అర్జునునికి ఒక సంవత్సరపు ముసుగు; గడువు తీరగానే తొలగిపోయినది. ట్రాన్స్‌జెండర్ బాలల స్థితి దీనికి విపరీతం. లోకం తొడిగిన వేషమే వారికి అజ్ఞాతవాసం. దానికి గడువు ఎవరూ నిర్ణయించలేదు.

డెన్మార్కు రచయిత ఆండర్సన్ 1843లో ప్రచురించిన వికారపు బాతుపిల్ల కథ ఈ సందర్భంలో స్మరణీయం. అందరి చేత తరుమబడిన ఆ పిల్ల చివరకు నీటిలో తన నీడను చూచుకొని, తాను హంసనని గ్రహిస్తుంది. ఇతరుల ప్రశంస తరువాత వచ్చినది. తన్ను తాను గుర్తించడం ముందు జరిగినది. ఆత్మస్వీకారమంటే ఇదే.

ఇస్లామీయ ధర్మశాస్త్ర గ్రంథాలు స్త్రీపురుష లక్షణాలు రెండూ గలవారిని ‘ఖున్సా’ అని పేర్కొని, వారి వారసత్వపు వాటాను చర్చించాయి. నేటి ట్రాన్స్‌జెండర్ భావన దానితో సమానం కాదు. అయినప్పటికీ స్త్రీపురుష విభజనలో ఇమడని వారికి కూడా కుటుంబంలో చోటు, ఆస్తిలో భాగం ఉన్నాయని పూర్వులు తలచినట్లు స్పష్టమవుతున్నది.

రేవతి స్వీయకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం లభించినది. ఇతరులు చెప్పిన కథలో హాస్యపాత్రగా మిగిలినవారు తమ కథను తామే చెప్పుకొంటే ఎట్లుంటుందో ఆ గ్రంథం చూపుతుంది.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో పలువురు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాగలరు. బృహన్నలను గురించి చెప్పేటప్పుడు ఆమె నేర్పిన నాట్యాన్ని, నడిపిన రథాన్ని చెప్పండి. శిఖండి కన్నీటిని దాచకండి. వినేవారిలో తలవంచుకొన్న ఒక్కరైనా తల ఎత్తగలిగితే ఆ కథ సార్థకమైనట్లే.