రోజాలో షుగరు: చేతికి అంటించిన బిళ్ల చెప్పేదేమిటి?

రమజాన్ నెలలో సాయంత్రం నాలుగు నుంచి ఇఫ్తార్ దాకా ఉండే సమయం మధుమేహం ఉన్న ఉపవాసికి గడ్డు సమయం. సహరీలో తిన్న అన్నం, రొట్టె ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. కాలేయంలో దాచి ఉన్న చక్కెర కూడా తగ్గుతూ వస్తుంది. తెల్లవారుజామున వేసుకున్న మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ‘ఇంకొక్క గంటే కదా, ఓర్చుకుంటాను’ అని పెద్దవాళ్లు గోడవైపు తిరిగి పడుకుంటారు. ఇంట్లోవాళ్లు అది రోజా నీరసమే అనుకుంటారు. ఆ ఒక్క గంటలో స్పృహ తప్పి ఆసుపత్రి పాలైనవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఇది కేవలం భయం కాదు. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం మధుమేహ రోగులను పరిశీలించిన ‘ఎపిడియార్’ అధ్యయనం ఒక సంగతి తేల్చింది. ఆసుపత్రిలో చేర్చవలసినంతగా చక్కెర పడిపోవడం మిగతా నెలలతో పోలిస్తే రమజాన్‌లో టైప్-1 రోగుల్లో 4.7 రెట్లు, టైప్-2 రోగుల్లో 7.5 రెట్లు ఎక్కువగా కనిపించింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో ప్రకటించింది. ఈ లెక్కన షుగరు రోగి లేని ముస్లిం కుటుంబాన్ని వెతకడమే కష్టం.

ఆ గడ్డు గంటను ముందే కనిపెట్టగల సాధనం ఒకటి ఇప్పుడు మన ఊళ్లకూ వచ్చింది. దాని పూర్తి పేరు కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్. డాక్టర్లు సి.జి.ఎం. అంటారు, జనం ‘సెన్సరు’ అంటున్నారు. నాణెంలా గుండ్రంగా ఉండే ఒక బిళ్లను దండచేతి వెనుకవైపు అంటిస్తారు. దాని అడుగున వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం కిందికి కొద్దిగా దిగి ఉంటుంది. అది కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలోని చక్కెరను. కొద్ది నిమిషాలకొక అంకెను ఫోనుకు పంపుతుంది. ఒకసారి పెడితే సుమారు రెండు వారాలు పనిచేస్తుంది. స్నానం, వజూ దేనికీ అడ్డు రాదు.

రోగి ఒంటిమీద ఉండే యంత్రమంటే ఒకప్పుడు మోత బరువే. 1940లలో అమెరికాలోని మోంటానాలో నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త గుండె చప్పుడు తీరును దూరానికి పంపే పరికరం తయారుచేస్తే, దాన్ని మనిషి వీపున మోయవలసి వచ్చింది. బరువు 38 కిలోలు! నేటి బిళ్ల ఒంటిమీద ఉన్న సంగతి కూడా మరచిపోతాం.

బిళ్ల చూపే అంకె ఎంత అయితే ఏం చేయాలి? అసలు ప్రశ్న ఇది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, రమజాన్-మధుమేహంపై పనిచేసే వైద్యుల కూటమి కలిసి 2016లో ఒకసారి, 2021లో మరోసారి మార్గదర్శకాలు ప్రకటించాయి. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. అంకెతో పనిలేకుండా వణుకు, చెమట, తికమక వంటి లక్షణాలు కనిపించినా విరమించాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే. చక్కెర పడిపోయినట్లయితే మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి వెంటనే తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

‘ఇంతసేపు ఉండి ఇప్పుడు రోజా తెంచుకోవాలా?’ అని పెద్దలు బాధపడతారు. ఆ బాధను మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. డెబ్బయ్యేళ్లుగా ఒక్క రోజా వదలని నానీకి ఫోనులో కనిపించే అంకె ఏపాటిది? కానీ రోగికి సడలింపు ఇచ్చింది డాక్టరు కాదు, సెన్సరు తయారుచేసిన కంపెనీ అంతకన్నా కాదు. ఉపవాసాలను విధి చేసిన అల్ బఖరా సూరాలోనే ఆ సడలింపు ఉంది. కోలుకునే అవకాశం ఉన్నవారు తర్వాతి రోజుల్లో ఖజా చేసుకోవచ్చు. ఆ అవకాశం లేనివారికి ఫిద్యా ఉంది. ఎవరికి ఏది వర్తిస్తుందో డాక్టరు మాట విన్న తర్వాత తెలిసిన ఆలిమ్‌ను అడగాలి. ఈ ఇద్దరినీ అడగవలసింది రమజాన్ నెలవంక కనిపించాక కాదు, ఆరేడు వారాల ముందే. ఎందుకంటే గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ చక్కెరను బాగా పడగొడతాయి. వాటి మోతాదు, వేళ డాక్టరే మార్చాలి. పక్కింటాయన మార్చుకున్నాడని మనం మార్చుకోరాదు.

వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా పోతుందన్న అపోహ ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పోదు. అది ఆహారమూ కాదు, పానీయమూ కాదు. ఆ అపోహతో పగలంతా చక్కెర చూసుకోకుండా ఉండేవారే ఎక్కువ ప్రమాదంలో పడుతున్నారు.

సెన్సరు ఉన్నవారు అంకె కన్నా దాని పక్కనుండే బాణాన్ని గమనించాలి. సాయంత్రం అయిదింటికి 80 ఉండి బాణం అడ్డంగా ఉంటే కొంత నిలకడగా ఉన్నట్టు. 95 ఉన్నా బాణం నిట్టనిలువుగా కిందికి చూపితే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. చర్మం కింది ద్రవంలోకి చక్కెర చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, చక్కెర వేగంగా పడుతున్నప్పుడు ఫోనులో కనిపించే అంకె కన్నా రక్తంలో ఇంకా తక్కువ ఉంటుంది. జుహర్ తర్వాత సెన్సరున్న చేతిమీద ఒత్తిగిల్లి నిద్రపోతే లేనిపోని తక్కువ అంకె చూపి ఇల్లంతా కంగారు పెట్టిస్తుంది. కొన్ని రకాల సెన్సర్లు విటమిన్ సి మాత్రలు రోజుకు 500 మిల్లీగ్రాములు మించితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతాయి. అంకెకూ ఒంటికీ పొంతన కుదరనప్పుడు వేలు గుచ్చి చూడడమే దారి.

ఈ బిళ్ల నేర్పే మరో పాఠం ఇఫ్తార్ తర్వాతిది. ఖర్జూరాలు, షర్బతు, సమోసాలు, పకోడీలు, ఆపైన హలీం, చివర ఫిర్నీ. రెండు గంటల తర్వాత గీత కొండలా లేస్తుంది. డాక్టరు పదేళ్లుగా చెప్పినా వినని అబ్బాజాన్ ఆ కొండను కళ్లారా చూసి గ్లాసు షర్బతు పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి. సహరీలో ఖిచిడీ తిన్న రోజుకూ, గోధుమ రొట్టె పప్పుతో తిన్న రోజుకూ తేడా ఎవరికి వారే చూసుకోవచ్చు. ఒకరికి పడింది మరొకరికి పడకపోవచ్చు.

అయితే సెన్సరు ఒక్కోటి కొన్ని వేల రూపాయలు. ఆటో నడిపే ఇంటికి, బీడీలు చుట్టే ఇంటికి అది అందదు. అందనందుకు చిన్నబోనక్కరలేదు. మామూలు గ్లూకోమీటరుతో సహరీకి ముందు, ఉదయం, మధ్యాహ్నం, అసర్ వేళ, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తారైన రెండు గంటలకు, ఎప్పుడు తేడా అనిపిస్తే అప్పుడు చూసుకుంటే పని చాలావరకు జరుగుతుంది. డబ్బు ఉన్నవారు కూడా నెలంతా కొనవలసిన పని లేదు. రమజాన్‌కు ముందు షాబాన్ నెలలో రెండు మూడు నఫిల్ రోజాలు ఉండి, ఆ రోజుల్లో ఒక్క సెన్సరు పెట్టుకుని ఆ కాగితాలు డాక్టరుకు చూపిస్తే మందుల మార్పు సులువవుతుంది. అసలు రోజా ఉండదగునా లేదా అన్నది ముందు డాక్టరుతో తేల్చుకున్నాకే ఆ పని చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చర్మం గుచ్చకుండానే షుగరు చెబుతామంటూ వెయ్యి, రెండువేలకు వాచీలు, ఉంగరాలు అమ్ముతున్నారు. కొనకండి. అలా సొంతంగా చక్కెర కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. గల్ఫ్ నుంచి వచ్చే కొడుకు ముచ్చటపడి అమ్మీకి అలాంటి వాచీ తెస్తే, అది చూపిన అంకెను నమ్మి ఆమె ఇన్సులిన్ వేసుకుంటే, జరిగేది ఊహించడానికే భయం.

దూరాన ఉన్న కొడుకు

గల్ఫ్ అన్నాం కాబట్టి ఆ సంగతీ చూద్దాం. దూరవైద్యం తెలుగువారికి కొత్త కాదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం పెట్టింది. ఇప్పుడు ఆ దూరం ఇంకా తగ్గి, తల్లి చేతికున్న సెన్సరు అంకె జిద్దాలోని కొడుకు ఫోనులో మోగుతుంది. కడపలో సాయంత్రం అయిదున్నర అయితే అక్కడ మధ్యాహ్నం మూడు. అతను డ్యూటీలో ఉంటాడు. ఫోనులో 58 అని ఎర్రగా కనిపిస్తుంది. అక్కడినుంచి అతను చేయగలిగేది ఒక్క ఫోన్‌కాల్, అదీ ఎవరైనా ఎత్తితేనే. కాబట్టి ఆ అలారం మొదట మోగవలసింది జిద్దాలో కాదు, రెండిళ్ల అవతల ఉండే మేనల్లుడి జేబులో. ఎవరు తలుపు తట్టాలో, గ్లూకోజు డబ్బా ఏ గూట్లో ఉందో ముందే అనుకుని ఉండాలి.

మరొక విషయం మర్యాదకు సంబంధించినది. చక్కెర గీత ఎవరు ఏ వేళ తిన్నారో కూడా చూపిస్తుంది. స్త్రీలకు రోజా మినహాయింపు ఉన్న రోజులుంటాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఆమె అన్నం తిన్న సంగతి బావగారి ఫోనుకూ మరిది ఫోనుకూ చేరడం ఏ కోడలికి ఇష్టం? ఒక సెన్సరు అంకెలను ఇరవై మంది దాకా చూసే ఏర్పాటున్న యాప్ కూడా ఉంది. ఇద్దరు చాలు. ఆ ఇద్దరెవరన్నది సెన్సరు పెట్టుకున్న మనిషే చెప్పాలి. ‘మీ మంచికే కదా’ అని ఆమెను అడగకుండా ఫోనులో కలిపేయడం తగదు.

మనసు సంగతి

చేతి వాచీలు కొన్ని ‘స్ట్రెస్’ అని ఒక అంకె చూపుతాయి. గుండె కొట్టుకోవడంలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ వ్యవధి మారే తీరును బట్టి వేసే అంచనా అది. మెట్లెక్కినా, కడక్ చాయ్ తాగినా, నిద్ర చాలకపోయినా అది మారుతుంది. తరావీహ్ చదివి పడుకుని సహరీకి లేచిన మనిషికి ఆ వాచీ ‘మీ నిద్ర బాగోలేదు’ అని మార్కులు తగ్గిస్తుంది. దాని లెక్క దానిది! భర్త పోయాక వచ్చిన మొదటి రమజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు ఒక్కతే కూర్చున్న ఇల్లాలి గుండెలో ఉన్నది దానికి తెలియదు. ఆ అంకెను చూసి ఎవరూ తమ మనసు బాగుందనో బాగాలేదనో నిర్ణయించుకోవద్దనే మేమంటాం.

దీనిలో అసలు ప్రమాదం వేరే ఉంది. ఫోనులో షుగరు 110 అని పచ్చగా కనిపిస్తే జిద్దా కొడుకు ఊపిరి పీల్చుకుని ఆ రోజు ఫోన్ చేయడు. అంకె బాగుంది కదా! మధుమేహం ఉన్నవారిలో డిప్రెషన్ ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అన్నం మీద, మందుల మీద శ్రద్ధ తగ్గడం, పిల్లలతో పలకడం మానేయడం, నమాజు తర్వాత ముసల్లా మీదే గంటలకొద్దీ శూన్యంగా కూర్చోవడం, ఇవేవీ ఆ గీతలో పడవు. పక్కన కూర్చున్నవారికి కనిపిస్తాయి. దూరాన ఉన్నవారికి గొంతులో తెలుస్తాయి. అందుకే షుగరు పచ్చగా ఉన్న రోజు కూడా ఫోన్ చేసి, అంకె ప్రస్తావన లేకుండా, ఇఫ్తార్‌కు ఎవరొచ్చారు, ఏం వండారు అని అడగాలి.

తేడా రెండు వారాలకు పైగా కొనసాగితే డాక్టరుకు చూపించాలి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి బిడియపడే ఇళ్లకు ఫోను దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మీ తానుగా చేయనంటే ఆమెతో ఉండే కూతురో కోడలో చేసి, ఆమెతో మాట ఎలా మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోవచ్చు.