బొగ్గుల కుంపటా? పెల్లెట్ పొయ్యా?
పొగ కనబడనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదు

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లే దారిలో బొంగు చికెన్ కాల్చే పొయ్యిలు చాలా కనబడతాయి. ఊళ్లో టిఫిన్ బళ్లు, పకోడీ బళ్లు, చికెన్ కాల్చే దుకాణాలు సరేసరి. ఇళ్లలో గ్యాస్ పొయ్యి ఉన్నా పెరట్లో నీళ్లపొయ్యి ఇంకా ఆరలేదు. మన రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం 1999లో మొదలైంది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం తెచ్చింది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం 2024 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభమైంది. అయినా ఐదారుగురు ఉన్న ఇంట్లో వంటకు, వేడి నీళ్లకు, పశువుల కుడితికి మూడు సిలిండర్లు ఏడాది పొడుగునా రావు. అందుకే కట్టె, బొగ్గు మన జీవితంలో మిగిలే ఉన్నాయి.

కట్టెల పొయ్యి పొగ పడలేక మరో పొయ్యి కోసం చూసేవారి ముందుకు సాధారణంగా రెండు దారులు వస్తాయి. ఒకటి పాతదే, బొగ్గుల కుంపటి. రెండవది కొత్తది, చిన్న ఫ్యానుతో మండే పెల్లెట్ పొయ్యి. ఈ రెండింటిలో ఏది మంచిది? ధర, రుచి, సౌకర్యం అందరూ చూసేవే. ఆరోగ్యం దృష్టితో కూడా చూద్దాం.

పొగ చేసే హాని

కట్టె, పిడక, పుల్ల సరిగా మండనప్పుడు కంటికి కనబడని సన్నని మసి రేణువులు గాలిలో కలుస్తాయి. ఇవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోతు వరకు వెళతాయి. పిల్లల్లో న్యుమోనియా, పెద్దల్లో తగ్గని దగ్గు, ఆయాసం, గుండె జబ్బు, పక్షవాతం, కంటి శుక్లాలు, గర్భిణులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం, వీటన్నిటికీ వంటింటి పొగతో సంబంధం ఉందని తేలింది. 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారనీ, వారిలో ఐదేళ్ల లోపు పిల్లలు 2,37,000 మందికి పైగా ఉన్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బీడీ, చుట్ట ముట్టని ఆడవాళ్లకు కూడా పొగతాగేవారి జబ్బు రావడానికి ఒక ముఖ్య కారణం ఈ పొయ్యే.

బొగ్గుల కుంపటి: మంచి, చెడు

బొగ్గు అంటే ముందుగానే సగం కాలిన కట్టె. కట్టెలోని తేమ, పొగనిచ్చే పదార్థాలు బట్టీలోనే పోతాయి. అందుకే రాజుకున్న తరువాత బొగ్గు పొగ లేకుండా, నిదానంగా, ఒకే వేడితో మండుతుంది. మాంసం కాల్చడానికి ఇంతకంటే అనువైన నిప్పు లేదు. మట్టి గోడ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇనుప కుంపటి కంటే మట్టి కుంపటికి బొగ్గు తక్కువ పడుతుంది. 1980ల్లో కెన్యా దేశంలో ఇదే సూత్రంతో పైన రేకు, లోపల కాల్చిన మట్టి ఉండే కుంపటిని తయారు చేశారు. మామూలు రేకు కుంపటి కంటే బొగ్గు బాగా ఆదా కావడంతో అది ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు పాకింది.

అయితే దీనికి రెండు లోపాలున్నాయి. మొదటిది, నాటు బట్టీలో కిలో బొగ్గు తయారు కావడానికి సుమారు 5 నుంచి 7 కిలోల కట్టె కావాలి. మన వంటింట్లో తప్పిన పొగ బట్టీ దగ్గర పనిచేసేవారి ఊపిరితిత్తుల్లోకి వెళుతోందన్నమాట.

రెండవది ప్రాణాంతకమైనది. మండే బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కంటిలో మంట లేదు. కట్టె పొగ అయితే కళ్లు మండి, దగ్గు వచ్చి మనల్ని బయటకు తరుముతుంది. ఈ వాయువు అలా హెచ్చరించదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. శరీరానికి ప్రాణవాయువు అందక మనిషి నిద్రలోనే స్పృహ కోల్పోతాడు.

బాలింత గదిలో కుంపటి వద్దు

మన ప్రాంతంలో బాలింతకు, పసికందుకు చలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూసి మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఉంది. పెద్దలు ప్రేమతోనే చేస్తారు. కాని మూసిన గదిలో రాత్రంతా కణకణలాడే కుంపటి తల్లీ బిడ్డ ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. గర్భిణి ఈ గాలి పీలిస్తే కడుపులోని బిడ్డకు తల్లి కంటే ఎక్కువ హాని జరుగుతుంది. చలికాలంలో ఏజెన్సీ గ్రామాల్లో గది మూసుకుని నెగడు, కుంపటి పక్కన పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం.

పసికందును వెచ్చగా ఉంచడానికి తల్లి ఒంటిని మించిన కుంపటి లేదు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పాలి. దీనినే కంగారూ తల్లి సంరక్షణ అంటారు. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఖర్చు లేదు, పొగ లేదు, పాలు కూడా బాగా పడతాయి.

పెల్లెట్ పొయ్యి: మంచి, చెడు

రంపపు పొట్టు, చెరకు పిప్పి, వేరుశనగ తొక్కు వంటి వాటిని పొడి చేసి, యంత్రంలో గట్టిగా నొక్కి, వేలెడంత కడ్డీ ముక్కలుగా తయారు చేసేవే పెల్లెట్లు. మన హోటళ్లలో ఊక పొయ్యి, పొట్టు పొయ్యి చూసినవారికి ఇది కొత్త ఆలోచన కాదు. ఆ పొట్టునే గట్టిగా నొక్కి, గాలిని లెక్కగా పంపుతారు, అంతే తేడా. కింది నుండి కొద్దిగా వచ్చే గాలితో పెల్లెట్ వేడెక్కి, మండే వాయువులు వదులుతుంది. పైనున్న రంధ్రాల నుండి ఫ్యాను పంపే గాలి ఆ వాయువులను అక్కడికక్కడే మండిస్తుంది. పొగగా బయటకు పోవలసినది మంటగా మారి గిన్నె కింద పనిచేస్తుంది. పెల్లెట్లు పొడిగా ఉండి, ఫ్యాను సరిగా తిరిగితే కట్టెల పొయ్యి కంటే పొగ, మసి చాలా తక్కువ.

చిక్కు ఎక్కడంటే, ఫ్యానుకు కరెంటో బ్యాటరీనో కావాలి. పెల్లెట్లు వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటే ఉబ్బి పొడైపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, అవి ప్రతి నెలా దొరకాలి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిజ్ఞానంతో 2006లో ఊర్జా అనే పెల్లెట్ పొయ్యి వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో సుమారు 4 లక్షలు అమ్ముడుపోయాయి. తరువాత ముడిసరుకు ధర పెరిగి పెల్లెట్ల ధరా పెరిగింది. ఇళ్లవారు వాడటం మానేశారు. కంపెనీ హోటళ్ల వైపు మళ్లింది. రువాండా దేశంలో పొయ్యిని వాడుకోవడానికి ఇచ్చి పెల్లెట్లు అమ్మిన ఇన్యెన్యేరి అనే సంస్థ కూడా 2020లో మూతపడింది. రెండు చోట్లా పొయ్యి మంచిదే. అందులో వేయడానికి పెల్లెట్ దొరకకపోతే, భరించగల ధరకు రాకపోతే, మంచి పొయ్యి కూడా అటక ఎక్కుతుంది.

పొయ్యి ఒక్కటే మారితే చాలదు

పొరుగున ఒడిశాలో 44 గ్రామాల్లో పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిలు ఇచ్చి నాలుగేళ్ల పాటు పరిశీలించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం కొంత తగ్గింది. పగుళ్లకు మట్టి మెత్తక, గొట్టంలో మసి తీయక, తరువాత ఆ మేలు కనబడకుండా పోయింది. ఆఫ్రికాలోని మలావీలో 10 వేల మందికి పైగా పిల్లలున్న ఇళ్లలో ఫ్యాను పొయ్యి ఇచ్చి చూసిన పరిశోధన 2016లో వెలువడింది. పిల్లల్లో న్యుమోనియా తగ్గలేదు. పొయ్యి మారినా చెత్త కాల్చే పొగ, పొగాకు పొగ, చుట్టుపక్కల పొయ్యిల పొగ అలాగే ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. పొయ్యిని శుభ్రంగా ఉంచడం, పాత పొయ్యిని నిజంగా ఆర్పడం, చెత్త కాల్చడం మానడం, ఈ మూడూ జరిగితేనే ఫలితం.

మరి ఏది ఎంచుకోవాలి?

ఇంటి వంటకు: గ్యాస్ లేదా కరెంటు పొయ్యి అన్నిటికంటే మేలు. సిలిండర్ పొదుపు చేయాలనుకుంటే లోపలి వంటకు గ్యాస్ ఉంచి, వేడి నీళ్లు, కుడితి వంటివి ఆరుబయట పొయ్యి మీద పెట్టండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు.

గ్యాస్ చాలని ఇంటికి: పెల్లెట్లు నమ్మకంగా దొరికే చోటు దగ్గరలో ఉంటే పెల్లెట్ పొయ్యి మంచిదే. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. పెల్లెట్లు ఎవరు అమ్ముతారు? నెలకు ఎంత ఖర్చు? ఫ్యాను చెడితే బాగు చేసేవారు ఎవరు? జవాబు లేకపోతే కొనవద్దు. పెల్లెట్ పొయ్యి కూడా కిటికీ తెరిచిన చోటనే వాడాలి.

టిఫిన్ బండికి: రోజంతా మంట కావాలి కాబట్టి, పెల్లెట్లు దొరికితే ఈ పొయ్యి అమ్మేవారి ఊపిరికి మేలు చేస్తుంది.

మాంసం కాల్చే దుకాణానికి: బొగ్గు వాడండి, కాని ఆరుబయట. మూడు వైపులా గోడలున్న గదిలో వద్దు. గాలి వీచే వైపు వీపు పెట్టి నిలబడండి. కిరోసిన్, ప్లాస్టిక్, టైరు ముక్కలతో రాజేయవద్దు. పలాస వైపు జీడి పిక్కల తొక్కును పొయ్యిలో వేస్తుంటారు. ఆ తొక్కులోని నూనె ఒంటిని కాల్చే గుణం కలది, దాని పొగ కూడా మంచిది కాదు. దానిని వంట నిప్పులో వాడవద్దు.

తినేవారికి ఒక మాట. కొవ్వు నిప్పు మీద కారి పొగ లేచినప్పుడు క్యాన్సర్‌కు దారితీయగల పదార్థాలు పుట్టి మాంసానికి అంటుకుంటాయి. బొంగులో వండినప్పుడు కొవ్వు నిప్పులో పడదు, మంట ముక్కకు తగలదు. ఆ విధంగా మన గిరిజనుల పద్ధతి ఇనుప చువ్వల మీద మాడ్చడం కంటే మేలైనది. ఎలా కాల్చినా నల్లగా మాడిన భాగం తీసేసి తినండి.

గుర్తుంచుకోండి

• మూసిన గదిలో బొగ్గు ఎప్పుడూ వెలిగించవద్దు. బూడిద కప్పిన నిప్పు కూడా విషవాయువు వదులుతుంది.

• పడుకునే ముందు కుంపటిని బయట పెట్టండి.

• ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మగత వచ్చి, బయటకు వస్తే తగ్గితే కుంపటిని అనుమానించండి.

• స్పృహ తప్పినవారిని ముందు బయటి గాలిలోకి తీసుకువచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి. వీరికి ఆక్సిజన్ అవసరం. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించలేదు, అంకె బాగానే చూపిస్తుంది. దానిని నమ్మి ఇంట్లో ఉండిపోవద్దు. గదిలో కుంపటి ఉన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

• చంటిపిల్లను చంకనెత్తుకుని పొయ్యి ముందు కూర్చోవద్దు. వంట అయ్యేదాకా మరొకరు ఎత్తుకోవాలి. ఈ పని ఇంట్లోని మగవారు కూడా చేయవచ్చు.

• పిల్లల్లో దగ్గుతో పాటు ఆయాసం, డొక్కలు ఎగరేయడం కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.