మోకాలి లిగమెంట్ల శస్త్రచికిత్స

మోకాలి లిగమెంట్ల పునర్నిర్మాణం అనగా పూర్తిగా తెగిపోయిన లిగమెంటు స్థానంలో వేరొక స్నాయువును అమర్చే శస్త్రచికిత్స. లిగమెంట్లు ఎముకను ఎముకతో కలిపి ఉంచే దృఢమైన పట్టీలు. మోకాలిలో ఇవి ప్రధానంగా నాలుగు. కీలు లోపల ఒకదానినొకటి అడ్డంగా దాటే ముందరి, వెనుక క్రూసియేట్ లిగమెంట్లు రెండు కాగా, ఇరుప్రక్కల ఉండే పార్శ్వ లిగమెంట్లు రెండు.

గాయం, లక్షణాలు

కబడ్డీ, ఫుట్‌బాల్, బాడ్మింటన్ వంటి ఆటలలో పాదం నేలపై నిలిచి ఉండగా శరీరం హఠాత్తుగా తిరిగినప్పుడు ముందరి క్రూసియేట్ లిగమెంటు (ఏసీఎల్) తెగవచ్చును. కొద్ది గంటలలో వాపు రావడం, తరువాత నడకలో మోకాలు పట్టు తప్పడం దీని ముఖ్య లక్షణాలు. ఎక్స్‌రేలో లిగమెంట్లు కనిపించవు. కావున ఎముక విరగనంత మాత్రాన గాయం లేదని భావించరాదు. వైద్యుని పరీక్ష, ఎం.ఆర్.ఐ. ద్వారా నిర్ధారిస్తారు.

వాహన ప్రమాదాలలో పలు లిగమెంట్లు ఒకేసారి తెగి కీలు తొలగినచో మోకాలి వెనుకనున్న ధమని దెబ్బతినవచ్చును. సుమారు 6 నుండి 8 గంటలలోపు రక్తప్రసరణను పునరుద్ధరించకపోతే కాలు తొలగించవలసి రావచ్చును. పాదం చల్లబడటం, పాలిపోవడం ప్రమాద సూచనలు. అట్టి కాలికి బిగుతుగా నాటుకట్టు కట్టించి కాలయాపన చేయడం ప్రాణాంతకం కూడా కాగలదు.

శస్త్రచికిత్స

పాక్షికంగా తెగిన లిగమెంట్లకు, పార్శ్వ లిగమెంట్ల గాయాలలో చాలావాటికి శస్త్రచికిత్స అవసరముండదు. పూర్తిగా తెగిన ఏసీఎల్ సాధారణంగా కుట్టినంత మాత్రాన అతుకదు. అందువలన వాపు తగ్గి, కాలు చక్కగా చాపగలిగిన తరువాత ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో చికిత్స చేస్తారు. తొడ వెనుక కండరాల నుండి గాని, మోకాలి చిప్ప క్రింది నుండి గాని స్నాయువును తీసి, ఎముకలలో తొలిచిన రంధ్రాల గుండా పంపి, మరలతో గాని బొత్తాములతో గాని బిగిస్తారు.

కోలుకొనుట

అమర్చిన స్నాయువు మొదటి నెలలలో బలహీనపడి, పిదప క్రమేణా లిగమెంటుగా మారుతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన ఆటకు దిగితే అది మరల తెగే అవకాశమున్నది. మొదటి వారాలలో చేతికర్రల సాయంతో నడక, తొడ కండరాల వ్యాయామం చేయిస్తారు. బాసింపట్టు వేయడం, గొంతుకు కూర్చోవడం వైద్యుని అనుమతితోనే మొదలుపెట్టవలెను. ఆటలకు సాధారణంగా కనీసం 9 నెలలు ఆగవలసి ఉంటుంది.

బాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలికి తీవ్ర గాయమై శస్త్రచికిత్సలు చేయించుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు.

వరంగల్‌లో

వరంగల్‌లోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి (ఎం.జి.ఎం.) 1959లో స్థాపించబడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. ఇందు ఎముకల విభాగం ఉన్నది. పరిసర జిల్లాల గ్రామాల నుండి కూడా రోగులు ఇచటికి వస్తారు. దూరం వలన తరచు ఫిజియోథెరపీకి రాలేనివారు వ్యాయామాలను నేర్చుకొని ఇంటివద్ద ప్రతిదినం చేయడం అత్యవసరం. శస్త్రచికిత్స ఎంత చక్కగా జరిగినా, వ్యాయామం మానితే మోకాలు బిగుసుకుపోతుంది.