నాలందా కొలనులు: ఆకాశం నుండి విహారాల నీటిని చదవడం

క్రీ.శ. ఏడవ శతాబ్దపు చివరి పాదంలో నాలందా మహావిహారంలో దాదాపు పదేళ్ళు నివసించిన చీనా భిక్షువు ఇత్సింగ్, తన రచనలో స్నానవిధికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. విహారానికి సమీపంలో పదికి పైగా పెద్ద కొలనులు ఉండేవని అందులో చెప్పారు. ప్రతి ఉదయం గంట మోగగానే భిక్షువులు స్నానవస్త్రాలు తీసుకుని, ఒకప్పుడు వందమంది, మరొకప్పుడు వెయ్యిమంది, విహారం వెడలి నలుదిక్కులా ఆ కొలనులకు సాగేవారట. అప్పట్లో అక్కడి భిక్షుసంఘం మూడు వేలకు మించి ఉండేదని ఆయనే మరొకచోట పేర్కొన్నారు.

ఈ వర్ణనలో పరిశోధకులు ఆగవలసిన మాట ‘నలుదిక్కులా’ అన్నది. నేడు నాలందా దర్శించే యాత్రికునికి కనిపించేది తూర్పున విహారాల వరుస, పడమట చైత్యాలయాల వరుస, వాటి నడుమ పచ్చిక. 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన భాగం విస్తీర్ణం 23 హెక్టార్లు. దాని చుట్టూ రక్షణ వలయం సుమారు 58 హెక్టార్లు. ఇత్సింగ్ చూసిన కొలనులలో ఎన్ని ఈ గీతల లోపల ఉన్నాయి? ఇటుక గోడల మధ్య నిలబడి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం సాధ్యం కాదు. గట్లు తెగి, పూడిక పడి, గోధుమ చేలుగా మారిన చెరువు నేలమీద నడిచేవారికి చేనుగానే కనిపిస్తుంది. పైనుండి చూసినప్పుడే దాని నాలుగు అంచులు ఒకేసారి కంటికి అందుతాయి.

ఆ కొలనులు పూర్తిగా మరుగున పడ్డాయని కూడా అనలేము. 1861–62లో ఈ శిథిలాలను పరిశీలించిన అలెగ్జాండర్ కన్నింగ్‌హాం, వాటిని చుట్టి ఉన్న పెద్ద చెరువులను పేర్లతో సహా నమోదు చేశారు. ఈశాన్యాన గిడి పోఖర్, పన్సోకర్ పోఖర్ అనే రెండు చెరువులు ఒక్కొక్కటి మైలు పొడవుకు దగ్గరగా ఉన్నాయనీ, దక్షిణాన ఇంద్ర పోఖర్ అర మైలుకు దగ్గరగా ఉందనీ ఆయన లెక్క. ఆ తరువాత తవ్వకాల దృష్టి అంతా ఇటుక కట్టడాల మీదికి మళ్ళింది. చెరువులు రైతుల లెక్కలోకి, రెవెన్యూ దస్తరాలలోకి వెళ్ళిపోయాయి. ఇంద్ర పోఖర్ ఒడ్డున 1951లో భిక్షు జగదీశ్ కాశ్యప్ నవ నాలందా మహావిహారాన్ని స్థాపించడం వల్ల ఆ ఒక్క కొలను పేరు మాత్రం బౌద్ధ లోకంలో నిలిచింది.

బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన ఎం.బి. రజని ఉపగ్రహ చిత్రాల సాయంతో నాలందా విస్తృతిని అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. పందొమ్మిదవ శతాబ్దపు పరిశీలకులు చూసినవాటిని నేటి రక్షిత ప్రాంతపు హద్దులతో పోల్చే పని కూడా ఆ తరువాత జరిగింది. మహావిహారపు అవశేషాలు కంచె దగ్గర ఆగిపోలేదనీ, చెరువులు, దిబ్బలు, గ్రామాల కింది మెరక నేలలు అన్నీ కలిసి ఒకే స్థలంగా చదవదగినవనీ ఈ పరిశోధనల సారం. తవ్వకపు పార ఒక్కటీ దించకుండానే ఇంత తేలింది.

ఈ చదువు ఎలా సాగుతుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. వైమానిక ఛాయాచిత్రం పురావస్తు శాస్త్రంలోకి వచ్చి నూరేళ్ళు అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల నుండి నేలను గమనించిన ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ ఇంగ్లండులో దీనికి పద్ధతి ఏర్పరిచారు. 1928లో అలెగ్జాండర్ కీలర్‌తో కలిసి ఆయన వెలువరించిన గ్రంథం ఈ విద్యకు మొదటి పాఠ్యం వంటిది. సూత్రం సరళమైనది. భూమిలో పూడిన గోడ మీద మట్టి పలుచన, తేమ తక్కువ. అక్కడి పైరు గిడసబారి త్వరగా పసుపు తిరుగుతుంది. పూడిన కందకం మీద ఒండ్రు లోతు, తేమ ఎక్కువ. అక్కడి పైరు ఏపుగా పెరిగి చాలా రోజులు పచ్చగా ఉంటుంది. ఎండలు ముదిరే వేళ పైనుండి చూస్తే పాత కట్టడపు రేఖాచిత్రం పైరు రంగులో తేలుతుంది. ఉదయపు ఏటవాలు వెలుగులో తీసిన చిత్రంలోనైతే మోకాలెత్తు గట్టు కూడా నీడ పరుచుకుని తన ఉనికి చెబుతుంది.

చెరువుల విషయంలో ఇంకొక సాధనం కలిసివస్తుంది. నీరు సమీప పరారుణ కిరణాలను పీల్చుకుంటుంది. పచ్చని ఆకు వాటిని బలంగా తిప్పికొడుతుంది. అందువల్ల ఆ కిరణాలను నమోదు చేసే ఉపగ్రహ చిత్రంలో నీరు నల్లగా, పచ్చదనం మిరుమిట్లుగా కనిపిస్తుంది. వర్షాకాలం ముగిసిన వెంటనే తీసిన చిత్రాన్నీ, మే నెల చిత్రాన్నీ పక్కపక్కన ఉంచితే ఏడాది పొడవునా నీరు నిలిచే గుంట ఏది, నాలుగు నెలల చిత్తడి ఏది, నీరు పూర్తిగా విడిచిన పాత చెరువు ఏది అన్న తేడా తెలుస్తుంది. ఇక్కడే పొరపాట్లకూ దారి ఉంది. గుర్రపుడెక్క కమ్మిన చెరువు చిత్రంలో పంటచేనులా మెరుస్తుంది; కొత్తగా పనిచేసేవారు దాన్ని నేల కింద లెక్కవేస్తారు. ఇటుక బట్టీలకు మట్టి తీసిన గోతులు నాలుగు మూలలతో, నిండా నీటితో పాత కొలనుల్లాగే కనిపిస్తాయి. గంగా మైదానంలో బట్టీలకు కొదవ లేదు కనుక ఈ రెండో పొరపాటు తరచు జరుగుతుంది.

దీనికి మందు పాత చిత్రాలే. 1960 నుండి 1972 వరకు అమెరికా నిఘా కోసం తీసిన కరోనా ఉపగ్రహ చిత్రాలు 1995లో రహస్య ముద్ర తొలగి పరిశోధకులకు అందాయి. వాటిలో మేలైనవి రెండు మీటర్ల వస్తువును పట్టగలవు. ఊళ్ళు నేటి పరిమాణానికి పెరగక ముందటి నేల వాటిలో ఉంది. 1960లలో లేని గుంట నేడు ఉంటే అది బట్టీ గొయ్యి కావచ్చు. నాడు ఉండి నేడు చేనుగా కనిపిస్తే దాని గట్టు కోసం వెతకాలి. అప్పుడు పరిశోధకుడు కాలినడకన వెళ్ళక తప్పదు. పాత పట్టాలలో చేని పేరు చివర పోఖర్, తాల్, ఆహర్ వంటి మాట ఉందా అని చూడాలి. ముసలి రైతును అడగాలి, మట్టిలోకి గొట్టం దించి ఒండ్రు పొరలు పరిశీలించాలి. ఆకాశం చూపేది అనుమానాన్ని మాత్రమే. నేల దాన్ని ధ్రువీకరించాలి.

నేల ధ్రువీకరిస్తే ఏమి లభిస్తుందో సాంచీ చెబుతుంది. 1998 నుండి జూలియా షా అక్కడ సుమారు 750 చదరపు కిలోమీటర్లను సర్వే చేశారు. స్తూపాలు, విహారాలు, పాత నివాసాలతో పాటు కొండల నడుమ లోయలకు అడ్డంగా కట్టిన మట్టి ఆనకట్టలు పదిహేనుకు పైగా నమోదయ్యాయి. కొన్నింటి ఒండ్రులోని ఇసుక రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని లెక్కగట్టగా తొలి నిర్మాణం క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాలకు చేరింది. అంటే స్తూపాలు విస్తరించిన కాలమే. చాలాచోట్ల చెరువు ఒడ్డునే నాగ ప్రతిమలు దొరికాయి. సంఘానికి, వ్యవసాయానికి, నీటికి మధ్య ఉన్న సంబంధం దానశాసనాలలో అస్పష్టంగా తోస్తుంది. పటం మీద గట్లు, విహారాలు ఒకచోట చేరినప్పుడు అది స్పష్టపడుతుంది. అదే ఒండ్రులోని పుప్పొడి ఆనాటి వృక్షజాలాన్ని గురించి కూడా సమాచారమిచ్చింది.

ఆంధ్రదేశంలో తొట్లకొండ కథ దీనికి తోడుగా చెప్పుకోదగినది. విశాఖపట్నం, భీమిలి మధ్య సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ విహారం, నౌకాదళం స్థావరం కోసం జరిపిన వైమానిక సర్వేలో బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుండి 1993 వరకు అక్కడ తవ్వకాలు జరిపింది. వాననీటిని పట్టేందుకు భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లే కొండకు పేరు తెచ్చాయి. విహారం సంగతి మరచినా జనం నీటి తొట్లను మరవలేదు!

ఇప్పుడు హద్దుల సంగతి. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత హద్దు నుండి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మైలు పొడవున్న చెరువుకు ఈ కొలత ఎంతమాత్రం చాలదు. మరి చెరువును చిత్తడి నేలగా కాపాడవచ్చునా అంటే, 2017 నాటి చిత్తడి నేలల నియమాలు తాగునీటికీ, సాగునీటికీ ప్రత్యేకించి కట్టిన మానవనిర్మిత జలాశయాలను తమ నిర్వచనం నుండి మినహాయించాయి. సాంచీ ఆనకట్టల వంటివి ఈ మినహాయింపులోకి వస్తాయి. స్నానానికి తవ్విన నాలందా కొలనుల స్థితి వాదానికి తావిస్తుంది. ఫలితంగా విహారపు నీరు కట్టడాల శాఖ దృష్టిలో కట్టడం కాదు, పర్యావరణ శాఖ దృష్టిలో ప్రకృతి కాదు. ఒక చెరువు గట్టును చదును చేయడానికి యంత్రానికి ఒక్క రోజు చాలు. ఆ తరువాత పైరు గుర్తు కూడా మిగలదు.

చెరువులో బతికే ప్రాణులను వేరే శాస్త్రానికి వదిలివేయడం కూడా సరికాదు. నీటికోళ్ళు, బాతులు, కొంగల గణన మన దేశంలో 1987 నుండి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణనలో భాగంగా సాగుతోంది. పురావస్తు పటంలోని చెరువుకూ, పక్షుల లెక్కలోని చెరువుకూ ఒకే గుర్తు సంఖ్య ఇస్తే చాలు, రెండు వాదనలు ఒకదానికొకటి బలమవుతాయి. డ్రోన్‌తో పటం గీసేవారు గూళ్ళు కట్టే నెలలను విడిచిపెట్టాలి. తక్కువ ఎత్తున ఎగిరితే పక్షులు గుడ్లు వదిలి లేస్తాయి. వినయం తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. ప్రాణులున్న నీటిని తెలిసి వాడరాదని, గడ్డిపై పోయరాదని పాచిత్తియ నియమాలు రెండు ఉన్నాయి. ప్రతి ఉదయం నీటిని పరీక్షించి, వడకట్టి, వడపోతలో చిక్కిన సూక్ష్మజీవులను తిరిగి నీటిలోకే వదిలే విధానాన్ని ఇత్సింగ్ మరొక అధ్యాయంలో వివరించారు. విహారపు నీటిని ప్రాణుల నివాసంగా ముందు లెక్కించినవారు భిక్షువులే.

నాలందా చుట్టూ చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కరోనా చిత్రాలలో, నేటి చిత్రాలలో కనిపించే ప్రతి చెరువునూ గ్రామ రెవెన్యూ పటంపై ఉంచి, సర్వే సంఖ్య రాసి, గట్టు ఉన్నదీ లేనిదీ నడిచి చూసి నమోదు చేయాలి. పక్కనే బర్‌గావ్ గ్రామంలో సూర్య దేవాలయపు చెరువులోకి ఛఠ్ పండుగనాడు వేలాది మంది నేటికీ తెల్లవారుజామున దిగుతారు. ఆ చెరువు పేరు అడిగితే ఊళ్ళో ఎవరైనా చెబుతారు. దాని పక్కనున్న మిగిలిన వాటి పేర్లు చెప్పగలిగినవారు ఇంకా ఉండగానే ఆ నమోదు జరగాలి.