కన్నం లేదు, చప్పుడు లేదు - ఖాతాలో సొమ్ము మాయం!

(గ్రామీణ విలేకరి)

వెనుకటి రోజుల్లో దొంగలు పడితే గోడకు కన్నం కనిపించేది. కుక్కలు మొరిగేవి. ఇరుగు పొరుగు కర్రలు పట్టుకుని లేచేవారు. ఇప్పటి దొంగ ఊళ్లో అడుగే పెట్టడం లేదు. ఎక్కడో కూర్చుని సెల్‌ఫోను ద్వారానే ధాన్యం అమ్మిన సొమ్మును, ఆడపిల్ల పెళ్లికి దాచిన సొమ్మును ఊడ్చుకుపోతున్నాడు. సొమ్ము పోగొట్టుకున్న వారు నలుగురిలో నవ్వులపాలవుతామని నోరు మెదపకపోవడం వీరికి మరీ కలిసి వస్తున్నది.

పథకం పేరుతో ఎర

పీఎం కిసాన్ పథకం కింద అర్హులైన రైతులకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా జమ అవుతున్న విషయం తెలిసిందే. విడత కోసం ఎదురు చూసే రైతుకు వాట్సాప్‌లో ఆ పథకం పేరుతోనే ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర 'ఏపీకే' అనే అక్షరాలుంటాయి. దానిని ఫోనులోకి ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీలు నేరుగా దొంగ కంట పడతాయి. రైతు ఎవరికీ ఒక్క అంకె చెప్పకుండానే ఖాతా ఖాళీ అవుతుంది. తెలిసిన వారి నెంబరు నుంచి వచ్చినా ఇటువంటి ఫైలును తెరవరాదు. వారి ఫోను ముందే దొంగల పాలై ఉండవచ్చు.

గేదెనో, పాత మోటారునో అమ్మకానికి పెట్టిన వారికి మరో రకం ఎర వేస్తున్నారు. "బయానా పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటారు. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర లేదు. నొక్కితే మన సొమ్మే పోతుంది.

ఇక పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు చేశాం" అని బెదిరించే వారు కొందరు. చట్టంలో అటువంటి అరెస్టే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగంలోనే స్పష్టం చేశారు.

వేలిముద్ర కూడా భద్రమే కాదు

ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఊళ్లోనే నగదు తీసుకునే వీలున్నది. ఈ సదుపాయమే ఒక్కొక్కప్పుడు ముప్పు తెస్తున్నది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషన్ పత్రాలపై ఉన్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు తీసిన ఉదంతం బయటపడడం గమనార్హం.

"ముద్ర పడలేదు, మళ్లీ వేలు పెట్టు" అన్నప్పుడల్లా ఖాతాలో సొమ్ము తగ్గిందేమో చూసుకోవాలి. రసీదు అడిగి తీసుకోవాలి. వేలిముద్రకు తాళం వేసుకునే ఏర్పాటు కూడా ఉన్నది. ఆధార్ వెబ్‌సైటులో గానీ, ఆధార్ కేంద్రంలో గానీ దీనిని చేయించుకోవచ్చు. అయితే తాళం వేసినంత కాలం ఆధార్‌తో వేలిముద్ర వేసే చోట్ల అది పనిచేయదు కనుక, పింఛను రోజున తీసి మళ్లీ వేసుకోవాలి.

ఆలస్యం చేస్తే అంతే

పోయిన సొమ్ము వెంటనే దొంగ చేతికి చేరదు. ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు మళ్లి, చివరకు ఎక్కడో నగదుగా మారుతుంది. ఈలోగా 1930 నెంబరుకు ఫోను చేసి బ్యాంకు పేరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నెంబరు చెబితే, సొమ్ము చేరిన ఖాతాలో మిగిలి ఉన్నంత వరకు బ్యాంకులు నిలిపివేయగలవు. అలా నిలిచిన సొమ్మే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. కొడుకు పట్నం నుంచి రావాలని, సోమవారం బ్యాంకు తెరవాలని ఆగితే దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే అవుతుంది.

పాడు ఫైలు ఎక్కిన ఫోనులో ముందుగా నెట్ కట్టివేయాలి. మరొకరి ఫోను నుంచి 1930కి, తర్వాత బ్యాంకుకు చెప్పాలి. పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు.

మోసపోవడంలో తలవంపులేమీ లేవు. చదువుకున్న వారు, ఉద్యోగులు సైతం లక్షలు పోగొట్టుకుంటున్నారు. దాచుకుంటే దొంగకు మేలు, చెప్పుకుంటే పక్కింటి వారికి హెచ్చరిక. 1930 అనే ఈ నాలుగంకెలను పంచాయతీ కార్యాలయం, పాల కేంద్రం, రేషను దుకాణం గోడలపై పెద్ద అక్షరాలతో రాయించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. సర్పంచులు, అధికారులు ఈ చిన్న పనికి పూనుకోవాలి.