స్లై అంటే ఏంటి? షై కాదు!

ఈ ఎపిసోడ్‌లో మన పదం స్లై. ఎస్, ఎల్, వై. మూడే అక్షరాలు. స్కై అన్నట్టే స్లై అనాలి.

ఈ పదాన్ని నేను జన్మలో మర్చిపోను. డిగ్రీ అయ్యాక నా మొదటి జాబ్ అప్లికేషన్‌లో "మీ బలహీనత ఏంటి?" అని అడిగారు. నాకు సిగ్గు ఎక్కువ కదా, షై అని రాయబోయి స్లై అని రాసేశాను. అంటే "నేను కొంచెం జిత్తులమారిని" అని నేనే రాసి సంతకం పెట్టి ఇచ్చానన్నమాట! ఇంటర్వ్యూలో ఒకాయన ఆ లైన్ మీద పెన్ను పెట్టి "ఇది నిజమేనా?" అన్నారు. "యస్ సార్, చిన్నప్పటి నుంచీ" అన్నాను. జాబ్ రాలేదు.

సరే, అర్థం చూద్దాం. స్లై అడ్జెక్టివ్, అంటే విశేషణం. పైకి అమాయకంగా ఉంటూ లోపల్లోపల ఎత్తులు వేసేవాళ్ళని స్లై అంటారు. ఎదురుగా వచ్చి దబాయించేవాడు స్లై కాదు. మీ రూమ్మేట్ "అమ్మకి ఒక్క కాల్ చేసి ఇస్తాను రా" అని మీ ఫోన్ తీసుకున్నాడు. చేశాడు, థాంక్స్ చెప్పి ఇచ్చేశాడు. రాత్రి చూస్తే మీ డేటా మొత్తం ఖాళీ, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంది. వాడు స్లై!

మరి కన్నింగ్? "వాడు పెద్ద కన్నింగ్ ఫెలో" అని మనం తెలుగులోనే అనేస్తుంటాం. రెండూ దగ్గరివే, కాకపోతే స్లైలో గుట్టు పాలు ఎక్కువ. ఎవరి తెలివినైనా మెచ్చుకోవాలంటే మాత్రం ఈ రెండూ వద్దు, ష్రూడ్ అనండి.

స్లై ప్రతిసారీ తిట్టు కాదండోయ్. ఫ్రెండ్‌కి పెళ్ళి కుదిరిందని మీకొక్కరికే తెలుసు, అందరి మధ్యలో వాడిని చూసి ముసిముసిగా నవ్వారు. అది ఎ స్లై స్మైల్.

ఈ పదం పాత నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో నేర్పు ఉన్నవాడు అనే మంచి అర్థం కూడా ఉండేది. మెజీషియన్ల చేతి నేర్పుని స్లైట్ ఆఫ్ హ్యాండ్ అంటారు కదా, ఆ స్లైట్ కూడా ఈ కుటుంబంలోదే. మన హస్తలాఘవం సంగతీ అంతే, ఇప్పుడు ఆ మాట అంటే జేబు తడుముకుంటాం!

ఇంకొకటి, ఆన్ ద స్లై. అంటే ఎవరికీ తెలియకుండా, చాటుగా. "హీ స్మోక్స్ ఆన్ ద స్లై" అంటే ఇంట్లో తెలియకుండా సిగరెట్ కాలుస్తాడని. ఈ వాక్యం వాళ్ళ నాన్నగారి ముందు ప్రాక్టీస్ చేయకండి.